మూడు కూతల అంతయ్య

ఎంకపల్లిలో మా చేను, అంతయ్య చేను పక్కపక్కనే ఉంటాయి. అంతయ్య నాకు వరసకు మామ. ఆయన భార్య నీలవేణి అత్త. నా పేరు ప్రభాకర్. మొయినాబాదులో జిరాక్సు షాపు నడుపుతాను, పొద్దున పూట చేను చూసుకుంటాను. నా గురించి ఇంతకంటే అక్కర్లేదు, ఇది మామ కథ.

మామ చేనులో బోరు ఎగువన ఉంది, హౌజు దిగువన ఉంది. హౌజంటే సిమెంటు తొట్టి. బోరు నీళ్లు పైపులోంచి వచ్చి అందులో పడతాయి, అక్కణ్ణుంచి మడులకు పారతాయి. పెరికిన క్యారెట్లు కడిగేది కూడా అక్కడే. మా ఎర్రమట్టి క్యారెట్టును పట్టుకుంటే ఒక పట్టాన వదలదు, పెళ్లికొచ్చిన చుట్టం లాంటిది. బోరు పక్కన మోటరు వేసే డబ్బా దగ్గర నిలబడ్డ మనిషికి హౌజు కనిపించదు. నడుమ సీతాఫలం చెట్లు అడ్డం. అందుకని మామ మోటరు వేసేముందు కూత పెట్టేవాడు.

"నీళ్లొస్తున్నయ్ ఓ...!"

ఒకసారి కాదు, మూడుసార్లు. మూడో కూత తర్వాత దిగువ నుంచి "ఎయ్...!" అని మారు కూత రావాలి. అది వచ్చాకే పచ్చ బటన్ మీద మామ వేలు పడేది. రాకపోతే మోటరు వేయడు. హౌజులో పిల్లలు దిగి ఆడుకుంటూ ఉండవచ్చు, పైపు నోట్లో అత్త చెయ్యి ఉండవచ్చు. కప్పలూ ఉడుతలూ దూరకుండా అత్త పైపు నోటికి పాత చీర గుడ్డ కుక్కేది. నీళ్లు రాకముందే దాన్ని పీకాలి. ఈ పద్ధతి మామ కనిపెట్టింది కాదు. ఆయన తండ్రి శివయ్య తాత ఆయిల్ ఇంజను తిప్పిన రోజుల నుంచీ ఉన్నదే.

చిన్నప్పుడు నేను ఆ కూతల కోసమే చేనుకు పోయేవాణ్ణి. మారు కూతకూ నీళ్లకూ నడుమ కాసింత ఖాళీ ఉంటుంది. మోటరు మూలుగుతుంది. పైపు లోపల ఎక్కడో గాలి కదులుతుంది. ముందు ఆ గాలే బయటికి వస్తుంది, చల్లగా, భూమి అడుగు వాసనతో. నీళ్లు తర్వాత వస్తాయి. ఆ ఖాళీలో నేను గట్టు మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకునేవాణ్ణి. క్యారెట్ ఆకు చెంపకు తగిలేది. కూతలకు ఎగిరిన పిట్టలు ఇంకా వాలేవి కావు. ఎవరో నా పేరు పిలవబోయి ఆగినట్టు ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే అది నిజంగా జరిగిందో, అక్కడే నిద్రపోయి కలగన్నానో చెప్పలేను. రెండూ అయ్యుండవచ్చు.

తర్వాత పట్నం మా దిక్కు నడిచొచ్చింది. గచ్చిబౌలిలో అద్దాల బిల్డింగులు లేచాయి. మా చుట్టూ ఉన్న చేలకు ప్రహరీలు, ప్రహరీలకు గేట్లు, గేట్లకు 'కుక్క ఉన్నది జాగ్రత్త' బోర్డులు వచ్చాయి. కుక్కను మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఊళ్లో సగంమంది ఆ బిల్డింగుల్లో ఏదో ఒక పనికి కుదిరారు. మామకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తోటపని దొరికింది. గడ్డి పెంచే పని. మొదటి రోజు మామ సూపర్‌వైజర్ స్వామిదాసును, "బర్రెలు ఎన్నున్నయి సారూ?" అని అడిగాడట. ఒక్కటీ లేదు. ఆ గడ్డిని ఎవరూ మేయరు, ఎవరూ కోసుకుపోరు. ఊరికే చూడ్డానికి.

"చూసేటోళ్లు కూడా అద్దాల ఎన్కనే ఉంటరురా" అని మామ నాతో ఆశ్చర్యపోయాడు.

మరి చేను ఎవరు పారించాలి? అత్తకు మోటరు డబ్బా అంటే పడదు, చెయ్యి పెడితే షాక్ కొడుతుందని భయం. అప్పుడు మోటరు మెకానిక్ ఎల్లేశ్ ఒక చిన్న పెట్టె తెచ్చాడు. అందులో సిమ్ ఉంటుంది. దాని నంబరుకు ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటరు నడుస్తుంది, రెండు నొక్కితే ఆగుతుంది. మనిషి ఎక్కడున్నా సరే. నొక్కగానే లోపలి నుంచి ఒకామె, "మీ మోటారు ప్రారంభించబడినది" అంటుంది. మా ఊళ్లో ఎవరూ అట్లా మాట్లాడరు. అందుకే మామకు ఆమె మీద గౌరవం.

"నాతోని దినానికి రెండు మాటలు మాట్లాడవు. ఆమెకైతే పొద్దుగాల్నే ఫోన్ చేస్తవ్" అని అత్త ఆట పట్టించేది.

నేనూ మెచ్చుకున్నాను, అబద్ధమెందుకు? చార్జరు పెట్టుకుని ఎక్కడ కూర్చుంటే అక్కడే పని అయిపోవాలని కోరుకునే జాతి నాది. మామ పొద్దున ఏడింటికి కంపెనీ బస్సెక్కేవాడు. సరిగ్గా ఎనిమిదింటికి పచ్చటి గడ్డిలో నిలబడి, ఒక చేత్తో పైపు పట్టుకుని గడ్డికి నీళ్లు పెడుతూ, రెండో చేత్తో ఫోను నొక్కి తన క్యారెట్లకు నీళ్లు వదిలేవాడు. ఎవరూ మేయని గడ్డికేమో చేతి నీళ్లు. అందరూ తినే క్యారెట్టుకేమో ఫోను నీళ్లు. ఈ మాట నేను అంటే మామ నవ్వాడు. అప్పట్లో అది నవ్వే మాటే.

కూతలు ఆగిపోయాయి. ఏ రోజు ఆగాయో ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. ఎనిమిదికి నీళ్లొస్తాయని తెలుసు కాబట్టి అత్త పది నిమిషాల ముందే గుడ్డ పీకి పక్కకు జరిగేది. రెండేళ్లు అట్లాగే నడిచింది. మామ ఆదివారాలు చేనుకు వచ్చినా ఫోనుతోనే మోటరు వేసేవాడు. డబ్బా పది అడుగుల దూరంలో ఉండగా పెట్టెలోని ఆమెకు ఫోన్ చేయడం నేను కళ్లారా చూశాను.

సంక్రాంతి దాటి నెల రోజులైంది. జిరాక్సు మిషను రిపేరుకు పోవడంతో నేను చేనులోనే ఉన్నాను. ఎంకపల్లి మీద మబ్బు కమ్మింది, గాలి చల్లగా ఉంది. గచ్చిబౌలిలో మాత్రం అద్దాల మీద ఎండ పేలుతోందట. మామ ఫోను తీసి చూస్తే ముప్పై నాలుగు డిగ్రీలని చూపించింది. ఆయనకు తన క్యారెట్లు గుర్తొచ్చాయి. ఇంకో వారంలో పెరకవలసిన పంట, మడి ఎండితే గడ్డ పగులుతుంది. పాపం, ప్రేమతోనే నొక్కాడు. పదకొండు దాటి పది నిమిషాలు. పెట్టెలోని ఆమె 'ప్రారంభించబడినది' అంది.

ఆ సమయంలో అత్త హౌజు అంచు మీద కూర్చుని ఉంది. పైపు లోపల కప్ప అరుస్తోంది. గుడ్డ కుక్కకముందే దూరినట్టుంది. బావిలోంచి ఎవరో పిలిచినట్టు వినిపించిందని అత్త తర్వాత చెప్పింది. జాలిపడి గుడ్డ పీకి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది.

మోటరు మూలగడం నాకు వినిపించింది. కూత లేని మోటరు అలవాటైపోయి తల ఎత్తలేదు. ఆ వెంటనే వచ్చిన కేకకు ఎత్తాను.

పరుగెత్తి చూస్తే, నీళ్లు తోసిన ఊపుకు అత్త హౌజు పక్కన బండల మీద పడి ఉంది. చెయ్యి ఒంటి కింద మడతపడింది. పైపు హౌజు మీది నుంచి జారి నీళ్లన్నీ ఆమె ముఖం మీదే పడుతున్నాయి. తలను నా ఒళ్లోకి లాక్కున్నాను. వదిలి డబ్బా దాకా పోలేను. జేబులోంచి ఫోను తీసి మామకు కొట్టాను.

"మామా, మోటర్ బంద్ చెయ్!"

"ఎందుకురా? మడి పారిందా?" అన్నాడు మామ నింపాదిగా.

ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. తప్పు ఆయనది కాదు, ఆయనకేం తెలుసు? అయినా ఆ క్షణాన నాకు ఒళ్లు మండిపోయింది. "అత్త పడ్డది, బంద్ చెయ్!" అని అరిచాను. నీళ్లు ఆగాయి. ఆపింది కూడా ఫోనే, ఆ మాట దాచను.

చేవెళ్ల దవాఖానలో చెయ్యి విరిగిందని కట్టు కట్టారు. మామ మధ్యాహ్నానికి వచ్చాడు, మోకాళ్ల మీద గడ్డి మరకలతోనే. మంచం పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు. అత్త ఆయన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నువ్వు ఒక్క కూత పెట్టుంటే నేను చెయ్యి గుంజుకుంటుంటి గద" అంది.

అంతే అంది. కళ్లు మూసుకుంది. మామ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నేను చాయ్ తెచ్చిస్తే చేతిలో పట్టుకునే ఉన్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

ఇంటికి వచ్చాక అత్త ఇంకో మాట అంది. "ఆ పైపు తలుచుకుంటేనే నా గుండె దడదడ అంటది. చేను కౌలుకిద్దాం." ఆ చేను కౌలుకు పోతే ఏ ఫార్మ్‌హౌస్ వాళ్లో కోడి కూర వండుకునే తావు అవుతుందని నాకూ మామకూ తెలుసు. కానీ ఆయన బాధ చేను గురించి కాదు. పెళ్లైన కొత్తలో తనకంటే ముందే వచ్చి నీళ్లలో చేతులు పెట్టి కూర్చునే మనిషి ఇప్పుడు నీళ్లంటే భయపడుతోంది. ఆ భయాన్ని పంపింది తన వేలే. ఆయన నిద్రలో కూడా "ఆగు, ఆగు" అంటున్నాడని అత్తే నాతో చెప్పింది.

మామ మొదట ఒక ఉపాయం చేశాడు. ఎంత అమాయకుడంటే, ఫోన్‌లోనే కూత పెడదామనుకున్నాడు. మర్నాడు ఎనిమిదింటికి అత్తకు ఫోన్ కలిపి, కంపెనీ గడ్డి నట్టనడుమ నిలబడి, "నీళ్లొస్తున్నయ్ ఓ...!" అని అరిచాడు. పై అంతస్తుల అద్దాల దగ్గరికి మనుషులు వచ్చి చూశారు. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒక పిల్ల కాఫీ పట్టుకుని వచ్చి, "ఎవరిని పిలుస్తున్నరు అంకుల్?" అని అడిగింది.

"నీళ్లను బిడ్డా" అన్నాడు మామ.

ఆ పిల్ల నవ్వలేదట. చాలాసేపు అక్కడే నిలబడిందట. స్వామిదాసు మాత్రం పరుగున వచ్చి, "ఇదేమన్న మీ చేను అనుకున్నవా? లోపల మీటింగులు నడుస్తున్నయ్" అని కసిరాడు.

అటువైపు అత్త ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని అంతా విని, "ఫోన్ల కూత నా ఒక్క చెవ్వుల పడ్డది. హౌజు కాడున్నోళ్లకు ఎట్ల ఇనవడ్తది?" అంది.

ఆ వారమే మామ పని మానేశాడు. ఎల్లేశ్‌ను పిలిచి పెట్టె తీసేయమన్నాడు. ఎల్లేశ్‌కు దిమ్మ తిరిగింది.

"అందరు పెట్టిచ్చుకుంటుంటే నువ్వు తీపిస్తవా అన్నా? రిపేరైతే చెప్పు, బాగు చేస్త."

"అది మంచిగనే ఉన్నదిరా. తియ్."

ఆ ఏడే మాకు కరెంటు రోజంతా రావడం మొదలైంది. కరెంటు రాగానే మోటరును వాటంతటవే తిప్పే ఆటో స్టార్టర్లు తీసేయండని కరెంటోళ్లు ఊరూరా తిరిగి చెబుతున్నారు. మామ వాళ్లకు భయపడి తీశాడని కొందరన్నారు. మామ కాదనలేదు. ఫోనును ఇంట్లో గూట్లో పెట్టి చేనుకు రావడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లు పాపం చెయ్యి ఊరుకునేది కాదు. పొడుం డబ్బా పోగొట్టుకున్న ముసలాయన లాగా మాటిమాటికీ జేబు తడుముకునేవాడు.

మొదటి రోజు డబ్బా దగ్గర నిలబడి నోరు తెరిచాడు. కూత రాలేదు. దగ్గు వచ్చింది. రెండేళ్లు 'మెల్లగా మాట్లాడండి' అని బోర్డులున్న చోట పనిచేసిన గొంతు అది. ఇంకోసారి ప్రయత్నిస్తే సగంలో చీలిపోయింది. సీతాఫలం చెట్టు మీది పిట్ట కూడా లేవలేదు. నాకు నవ్వొచ్చింది, ఆయన ముఖం చూసి మింగేశాను. మామ గట్టు వెంట అటూ ఇటూ నడుస్తూ, చంటిపిల్లాడు మాట నేర్చుకున్నట్టు, ఆ రెండు ముక్కలే గొణుక్కుంటూ తిరిగాడు.

మిగతావి కూడా మరిచిపోయాడు. ఇరవై నిమిషాలైతే రెండు నొక్కడమే తప్ప, మడి తడిసిందో లేదో చూడటం పోయింది. చెప్పులు విప్పి మడిలో కాలు పెట్టేవాడు. మడమ ఎంత దిగితే చాలో ఆలోచించేవాడు. పైపు చప్పుడు వింటూ కళ్లు మూసుకునేవాడు. బోరులో నీళ్లు నిండుగా ఉంటే ఒక చప్పుడు, అడుగంటితే ఇంకొకటి. ఒక పొద్దున నేను పలకరిస్తే వేలు ఎత్తి ఆగమన్నాడు. ఇద్దరం అట్లా నిలబడ్డాం. క్యారెట్ ఆకుల మీద మంచు ఇంకా ఉంది. బీజాపూర్ రోడ్డు మీద బస్సుల మోత ఎక్కడో వేరే దేశంలో వినిపిస్తున్నట్టుంది. నీళ్లు మడిలోంచి మడిలోకి పాకుతుంటే మట్టి చిన్నగా గుటకలు వేయడం నాకూ వినిపించింది. నాకు ఆకలి వేయలేదు, షాపు గుర్తు రాలేదు. ఎంతసేపు నిలబడ్డామో చెప్పడానికి మా ఇద్దరి దగ్గరా ఫోన్ లేదు. నాది ఇంట్లో చార్జింగులో ఉంది. అట్లాంటి పొద్దులు ఆ తర్వాత కొన్ని దక్కాయి. అవి నా బతుకులో మంచి పొద్దులు.

అత్త చేతి కట్టు విప్పారు. చేనుకు రావడం మొదలుపెట్టింది కానీ హౌజు దిక్కు పోదు. క్యారెట్లను గంపలకెత్తి ఇంటి నల్లా దగ్గరికి మోయించేది. కౌలు మాట మళ్లీ ఎత్తింది. "ఉగాది దాక చూద్దాం" అన్నాడు మామ.

రోజూ పద్ధతి ఒక్కటే. మామ తనే దిగువకు వచ్చి గుడ్డ పీకి, మళ్లీ ఎగువకు ఎక్కి, మూడు కూతలు పెట్టేవాడు. గొంతు కొంచెం కొంచెం తిరిగొచ్చింది. కూత వినగానే కలుపు తీస్తున్న అత్త చెయ్యి ఆగిపోయేది. తల దించుకుని కూర్చునేది. మారు కూత ఇవ్వదు. ఇవ్వకపోతే మామ మోటరు వేయడు. హౌజు దగ్గర ఎవరూ లేరని ఇప్పుడే చూసి వచ్చినా సరే వేయడు. పచ్చ బటన్ ముందు నిలబడే ఉంటాడు. చివరికి నేను మా చేనులోంచి, "ఎయ్ మామా!" అని అరిచేవాణ్ణి. అప్పుడు వేసేవాడు. ఆ జవాబు నాది కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. దొంగ సాక్ష్యం చెప్పినట్టు ఉండేది.

ఉగాది ఇంకా నాలుగు రోజులుంది. ఆ పొద్దున నేను గట్టు మీద పళ్లు తోముకుంటున్నాను. మామ దిగువకు వచ్చి గుడ్డ పీకి ఎగువకు పోయాడు. మొదటి కూత వచ్చింది. రెండేళ్ల తర్వాత, అదే పాత కూత. సీతాఫలాల మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. రెండో కూత. మూడోది. నేను పుక్కిలించి ఉమ్మి, "ఎయ్" అనడానికి నోరు తెరిచాను.

"ఆగూ...!"

హౌజు దగ్గరి నుంచి. ఆడ గొంతు.

తిరిగి చూశాను. అత్త హౌజు అంచు మీద కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. వంకర తిరిగి అతుక్కున్న ఆ కుడి చెయ్యే, మోచేతి దాకా పైపులో ఉంది.

"ఆగు! లోపల కప్ప ఉన్నది!" అని మళ్లీ అరిచింది.

ఎగువన చప్పుడు లేదు. సీతాఫలాల సందులోంచి మామ కనిపించాడు. పచ్చ బటన్ దగ్గరికి ఎత్తిన చేతిని దించి, డబ్బాకు దూరంగా రెండడుగులు వెనక్కి వేసి, ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఏడుస్తున్నాడని నాకు అర్థమైంది. పిట్టలు ఇంకా వాలలేదు.

అత్తకు తొందరేమీ లేదు. చెంప పైపుకు ఆనించి, లోపలికి ఏదో బుజ్జగిస్తోంది. కాసేపటికి కప్ప బయటికి దూకి క్యారెట్ ఆకుల్లోకి పోయింది. అత్త చెయ్యి బయటికి తీసి కొంగుకు తుడుచుకుంది. పక్కకు జరగలేదు. పైపు నోటి ముందు రెండు అరచేతులూ పట్టి, ఎగువకు తల తిప్పింది.

"ఇగ ఎయ్!"